బొరియ ముందు, అద్దం తర్వాత

పగడపు దిబ్బల పక్కన ఇసుక నేలలో గోబీ అనే చిన్న చేప, పిస్టల్ రొయ్య ఒకే బొరియలో కాపురం ఉంటాయి. రొయ్యకు చూపు దాదాపు ఆనదు. తవ్వడం దాని పని, కావలి కాయడం చేప పని. ఇసుకను బయట పారబోయడానికి వచ్చినంతసేపూ రొయ్య తన మీసాన్ని చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. అపాయం కనబడితే చేప తోకను చిన్నగా ఆడిస్తుంది, రొయ్య వెనక్కి జారుకుంటుంది. ముప్పు మరీ దగ్గరికొస్తే చేప కూడా లోపలికి దూకేస్తుంది. మన ఏళ్లలో, చెరువుల్లో దొరికే ఇసుకదొంది ఈ గోబీలకు చుట్టమే. దిబ్బల మీద ఇలాంటి బెదురు జీవులు ఇంకా చాలా ఉన్నాయి. బొరియకు ఎదురుగా నీటిలో తేలుతూ, కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను తింటూ, నీడ కదిలితే మాయమయ్యే ఫైర్‌ఫిష్ ఒకటి. రాళ్ల సందుల్లోంచి తల మాత్రమే చూపే డాటీబ్యాక్ మరొకటి. సముద్రపు పూవులాంటి ఎనిమోన్ చేతుల్ని వదిలి నాలుగు బారల దూరం కూడా పోని క్లౌన్ ఫిష్ ఇంకొకటి. ఇవన్నీ జానెడు కూడా ఉండని చేపలు. కొట్లో చూసి ముచ్చటపడి జనం ఇంటికి తెచ్చుకునేవీ ఎక్కువగా ఇవే.

ఇప్పుడు అనంతపురం సంగతి. రెండు రుతుపవనాలకూ ఎడంగా, వానచాటున ఉన్న పీఠభూమి ఇది. ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో. ఎటు వెళ్లినా సముద్రం రమారమి మూడు వందల కిలోమీటర్లు. ఇక్కడ ఒక ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడపు దిబ్బల చేపను పెంచడం సబబేనా? నా జవాబు: సబబే, కానీ ఒక్క షరతు మీద. గాజు తొట్టిని మన చూపు కోసం కాక, చేప దాగడం కోసం కట్టాలి. అద్దం, దీపం, రంగు రాళ్లు తర్వాతి మాట. మొదట బొరియ. ఇది చేప మీద జాలితో మాత్రమే చెబుతున్న మాట కాదు. కరువు నేల మీద ఇది నీళ్ల లెక్క కూడా. దాగే చోటున్న చేప తక్కువ నీటితో బతుకుతుంది, భయంతో బతికే చేప ఎక్కువ నీటిని అడుగుతుంది.

ఈ మాటకు ఆధారం చూద్దాం. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు అట్లాంటిక్ సాల్మన్ పిల్లలపై చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. కదలకుండా ఊరికే ఉన్నప్పుడు చేప ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతుందో వాళ్లు కొలిచారు. దాగే చోటు లేని చేపలకు, ఉన్నవాటికంటే సుమారు 30 శాతం ఎక్కువ ఖర్చయింది. ఈతలో తేడా లేదు, తిండిలో తేడా లేదు. ఎప్పుడేం మీదపడుతుందో అన్న అప్రమత్తతకే ఆ ఖర్చంతా అయి ఉండాలి. సాల్మన్ చల్లని ఏటి చేప, అది నిజమే. అదే అంకె దిబ్బ చేపకు వర్తిస్తుందని నేను అనను. కానీ పుట్టిన దగ్గర్నుంచి బొరియనే నమ్ముకుని బతికే జీవికి, బొరియ లేకపోతే ఆ భారం తగ్గుతుందని అనుకోవడానికి కారణమేదీ లేదు. ఇక గొలుసు చూడండి. శక్తి ఎక్కువ ఖర్చయితే మేత ఎక్కువ వేయాలి. మేత పెరిగితే చేప మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా పెరుగుతుంది. రాళ్లలో, ఇసుకలో ఉన్న బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ మాత్రం చిన్న తొట్టిలో ఎటూ పోదు, పేరుకుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి మామూలు ఇళ్లలో ఉన్న దారి నీళ్లు మార్చడం. అంటే బెదిరిన చేప ఒంట్లో మొదలైన ఖర్చు చివరికి మన బిందె దగ్గర తేలుతుంది. దీనికి జబ్బును కూడా కలపాలి. భయంలో ఉన్న చేప ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. కొత్తగా తెచ్చిన సముద్రపు చేపలను మింగేసే తెల్లమచ్చల జబ్బు ఆ సమయంలోనే అంటుకుంటుంది. ఒక చేప చనిపోయి కుళ్లితే సగం తొట్టి నీళ్లు ఒక్కరోజులో పారబోయాల్సి రావచ్చు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్ననే తీసుకుందాం. బోర్లు ఎండిపోయి, మంచినీళ్లకు క్యాన్లు కొనుక్కునే జిల్లాలో చేపకు నీళ్లా? ఈ ప్రశ్న న్యాయమైనది, దీన్ని దాటవేయకూడదు. వంద లీటర్ల తొట్టి, అందులో ఒకటి రెండు చిన్న చేపలు అనుకుందాం. వారానికి పది లీటర్లు మార్చాలి. మే నెలలో ఫ్యాను గాలికి రోజుకు రెండు లీటర్ల దాకా ఆవిరవుతుందనుకుంటే వారానికి పద్నాలుగు. మొత్తం ఇరవై నాలుగు లీటర్ల శుద్ధమైన నీరు. ఇంట్లో ఆర్ఓ మిషన్ ఒక లీటరు మంచినీరు ఇచ్చేటప్పుడు మూడు లీటర్లు బయటికి వదులుతుందని లెక్కేస్తే మరో డెబ్భై రెండు. అంతా కలిపి వారానికి వంద లీటర్లకు కాస్త తక్కువ, రోజుకు పద్నాలుగు. జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. అంటే ఈ తొట్టి మనిషి వాటాలో పావు వంతు తాగుతుంది. ఆర్ఓ వదిలే నీటిని బట్టలకు, అంట్లకు, బాత్రూముకు వాడుకుంటే అసలు ఖర్చు రోజుకు మూడున్నర లీటర్లకు దిగుతుంది. వాడుకోని ఇంట్లో మాత్రం ఈ తొట్టి ఉండకూడదని నేను నిర్మొహమాటంగా చెబుతాను. నలుగురూ ట్యాంకర్ నీళ్లు పంచుకునే వీధిలో కూడా ఉండకూడదు. తొట్టి పెద్దదైతే దర్జా, చేపలు ఎక్కువైతే అందం అనే లెక్క ఇక్కడ పనికిరాదు. రెండు చేపల దగ్గర ఆగినవాడికే ఈ జిల్లాలో ఈ పని చేసే అర్హత ఉంది.

ఈ లెక్కలో కనబడని ఖర్చు ఒకటుంది: ఆ నీళ్లు ఎవరు మోస్తారన్నది. 1846లో అన్నా థిన్ అనే ఆంగ్ల మహిళ టోర్కీ తీరం నుంచి పగడపు జీవులను లండన్‌కు తెచ్చి ఇంట్లో బతికించింది. సముద్రానికి దూరంగా ఉప్పునీటి జీవులను ఇంట్లో నిలబెట్టిన తొలి మనుషుల్లో ఆమె ఒకరు. మోటార్లు లేని ఆ కాలంలో నీటికి గాలి తగలడం కోసం, తెరిచిన కిటికీ దగ్గర ఆ నీళ్లను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి రోజూ అరగంట నుంచి ముప్పావుగంట పోస్తూ ఉండింది ఆమె ఇంటి పనిమనిషి. చరిత్రలో యజమానురాలి పేరు మిగిలింది, ఆ పిల్ల పేరు మిగల్లేదు. మన ఇళ్లలో నీళ్లు పట్టేది, మోసేది ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్లే. తొట్టి ఎవరి సరదానో బకెట్ కూడా వాళ్లే మోయాలన్న నియమం మొదటిరోజే పెట్టుకోవాలి.

నీటి నాణ్యత విషయంలో ఒక అపోహ తీర్చాలి. అనంతపురం అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి ఇక్కడ. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ల కోసం, 1990లలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం కోసం జనం అంతగా ఎదురుచూసింది అందుకే. కానీ సముద్రపు చేపకు ఫ్లోరైడ్ కొత్త కాదు. సముద్రపు నీటిలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. తాగునీటికి మన ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి 1.5. బోరు నీటిలో చేపకు అసలు చిక్కు వేరే చోట ఉంది. ఎరువుల నుంచి దిగిన నైట్రేట్, రాతి నుంచి వచ్చిన సిలికా, ఒక బోరుకూ మరో బోరుకూ పొంతన లేని కాఠిన్యం తొట్టిలో నాచును పెంచుతాయి, ఉప్పు మిశ్రమం తూకాన్ని చెడగొడతాయి. అందుకే ఆర్ఓ తప్పదు. దానిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన అక్వేరియం ఉప్పు కలిపితే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దగ్గరికి వస్తుంది. కొత్తవాళ్లు పొరపడేది ఆ తర్వాత. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. రోజుకు రెండు లీటర్ల చొప్పున మూడు రోజులు తగ్గనిస్తే 35 ఉన్న లవణీయత 37 దాటుతుంది. తగ్గినంత మేర ఉప్పునీరు కాదు, ఉప్పులేని నీరు, రోజూ పోయాలి.

మరి తీసేసిన ఉప్పునీరు ఎక్కడికి పోవాలి? సముద్రతీర నగరాల వాళ్లకు ఇది పెద్ద ప్రశ్న కాకపోవచ్చు. మనకు మాత్రం ఇదే పెద్ద ప్రశ్న. వారానికి పది లీటర్లంటే 350 గ్రాముల ఉప్పు, ఏడాదికి 18 కిలోలు. దాన్ని పెరట్లో పోస్తే చెట్టు చస్తుంది, నేల చౌడు బారుతుంది. ఇంకుడు గుంతలో పోస్తే బోరులోకి దిగుతుంది. మురుగు కాలువలో పోస్తే వంకలోకో చెరువులోకో చేరుతుంది. వానలు సరిగా పడని నేలలో ఉప్పును కడిగి తీసుకుపోయే నీళ్లు ఎక్కడున్నాయి? దీనికి జవాబు కూడా ఇక్కడి ఎండే ఇస్తుంది. మిద్దె మీద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో వేలి మందాన పోస్తే వేసవిలో రెండు మూడు రోజుల్లో ఇగిరిపోతుంది. మిగిలిన ఉప్పును మూట కట్టి చెత్తబండికి ఇవ్వాలి. దాన్ని కూరలోకి గానీ, గొడ్లకు గానీ, మళ్లీ తొట్టిలోకి గానీ వాడకూడదు. ఈ కాస్త పని బరువనిపించినవాళ్లు ఉప్పునీటి చేప జోలికి పోవద్దు.

ఎండ విషయంలో అందరూ అనుకునేదొకటి, జరిగేదొకటి. నలభై రెండు డిగ్రీల ఊళ్లో, 24 నుంచి 27 డిగ్రీల నీటిలో హాయిగా ఉండే చేప ఎలా బతుకుతుందని అడుగుతారు. నీటిని చల్లబరిచే చిల్లర్ ఖరీదైనది, కరెంటు కూడా బాగా లాగుతుంది. అయితే ఆవిరైపోయే ఒక్క లీటరు నీరు, వంద లీటర్లను ఇంచుమించు ఆరు డిగ్రీలు చల్లబరచగలిగినంత వేడిని వెంట తీసుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉన్న చెన్నైలోనో విశాఖలోనో ఫ్యాను ఈ పని సరిగా చేయలేదు. అనంతపురం పొడి గాలిలో చేస్తుంది. కాబట్టి వేసవిలో రోజూ పోయే ఆ రెండు లీటర్లు వృథా కాదు, చిల్లర్ చేయాల్సిన పనిని అవే చేస్తున్నాయి. మిద్దె కింద కాక లోపలి గదిలో, ఉత్తరపు గోడ పక్కన తొట్టి పెడితే ఇంకా మేలు. కరెంటు పోవడం మాత్రం నిజమైన ప్రమాదం. ముప్పై డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో ఆక్సిజన్ ఆరు మిల్లీగ్రాములకు కాస్త పైన మాత్రమే పడుతుంది. పంపు ఆగిన గంటల్లో చేపతో పాటు బ్యాక్టీరియా కూడా దాన్నే వాడుకుంటాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పనిసరి. తొట్టిలో చేపలు ఎంత తక్కువుంటే, అవి ఎంత నెమ్మదిగా ఉంటే, మనకు అంత వ్యవధి దొరుకుతుంది. తిరిగి తిరిగి మాట బొరియ దగ్గరికే వస్తోంది.

బొరియ దేనితో కట్టాలి? పగడపు రాయితో మాత్రం కాదు. దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు, వాటితో పాటు నీటిగుర్రాలు, సముద్ర దోసకాయలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. లైవ్ రాక్ పేరుతో మన దిబ్బల నుంచి పీకిన ముక్కలు కొంటే మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీపాల్లోనో ఒక దిబ్బను కొల్లగొట్టినట్టే. వేడెక్కిన సముద్రంలో 1998, 2010, 2016ల్లో తెల్లబడి, కోలుకోవడానికి అవస్థపడుతున్న దిబ్బలవి. మనకు ఆ అవసరం కూడా లేదు. అనంతపురం జిల్లా తూర్పు అంచున తాడిపత్రి ఉంది. అక్కడి నుంచి కడప వైపు పరుచుకున్న సున్నపురాయి ఒకనాటి లోతు తక్కువ సముద్రాల అడుగు. వేంపల్లె రాతి పొరల్లో కనిపించే స్ట్రోమటోలైట్లు, దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన దిబ్బలు. చేప అనే జీవి పుట్టక ముందే, పగడం పుట్టక ముందే ఈ నేల మీద దిబ్బలున్నాయి. ఆ రాళ్లను మాత్రం ఉన్నచోటే ఉంచాలి, అవి తెచ్చుకునేవి కావు. మన ఇళ్లలో పరిచే నాపరాయి పలకల ముక్కలు చాలు. నాలుగు చుక్కల వెనిగర్ వేస్తే నురగ రావాలి, లోహపు మెరుపు చారలు ఉండకూడదు. బాగా కడిగి, పలక మీద పలక ఎడంగా పేర్చితే గుహలు తయారవుతాయి. నాపరాయి గట్టిది, దాని రంధ్రాల్లో బ్యాక్టీరియాకు చోటు తక్కువ. అందువల్ల వెనక ఒక మూలన సచ్ఛిద్రమైన సెరామిక్ ముక్కలు వేయాలి. గోబీ కోసం ఇసుక కనీసం నాలుగు వేళ్ల మందం ఉండాలి. పలకలను ఇసుక మీద కాదు, అడుగు గాజు మీదే ఆనించి నిలపాలి. లేకపోతే తవ్విన బొరియ మీదే అవి కూలతాయి. పైన సన్నని వల మూత తప్పదు, బెదిరిన ఫైర్‌ఫిష్ ఎగిరి నేల మీద పడుతుంది.

ఇక చేప ఎక్కడిదన్నది. మంచినీటి అక్వేరియం చేపల్లో అత్యధిక భాగం చెరువుల్లో పెంచినవి. సముద్రపు చేపల విషయం దీనికి తలకిందులు, ఎక్కువభాగం దిబ్బల మీద పట్టినవే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2003లో వెలువరించిన నివేదిక ప్రకారం 1,471 జాతుల సముద్రపు చేపలు, ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల దాకా అప్పట్లో ఈ వ్యాపారంలో కదిలేవి. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సందుల్లో దాగిన చేపలను మత్తెక్కించడానికి సయనైడ్ చల్లారు. గమనించండి, దాగే చేపకే ఆ విషం. దాని బొరియే దాని పాలిట ఉరి అయింది. ఒక పాత ఉదాహరణ కూడా ఉంది. 1850లలో ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం గురించి రాసిన పుస్తకాలు ఇంగ్లండ్‌లో వెర్రి పుట్టించాయి. జనం బుట్టలతో తీరానికి పోయి రాతి గుంటల్లోని జీవాలను ఊడ్చేశారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో ఆ నష్టాన్ని తలచుకుని బాధపడ్డాడు. ప్రేమతో మొదలైనది కూడా పట్టింపు లేకపోతే దోపిడీ అవుతుందని చెప్పడానికి అంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

సముద్రంలో పట్టిన చేపను కొనొద్దంటే, చేపలు పట్టి బతికే తీరవాసుల నోట మట్టి కొట్టినట్టు కాదా అని ఒక అభ్యంతరం ఉంది. దానికి మాటల కంటే మంచి జవాబు లక్షద్వీపాల్లోని అగత్తిలో ఉంది. జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ అక్కడి ద్వీపవాసులకు, ముఖ్యంగా మహిళలకు, అలంకార రొయ్యలను, క్లౌన్ ఫిష్‌లను పెంచడం నేర్పింది. దిబ్బను ముట్టకుండా దిబ్బ చేపతో జీవనోపాధి సాధ్యమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌లలో చాలా రకాలను, డామ్సెల్‌లను, డాటీబ్యాక్‌ను ట్యాంకుల్లో పొదిగించింది. ఇటీవల దాని విళింజం కేంద్రం ఒక గోబీని కూడా ఆ జాబితాలో చేర్చింది. ట్యాంకులో పుట్టిన చేప గుళికల మేత తింటుంది, గాజును ఎరుగుతుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది. అనంతపురం వాసి బెంగళూరులోనో చెన్నైలోనో కొనేటప్పుడు హేచరీ చేపేనా అని అడగాలి, జవాబు నమ్మకంగా రాకపోతే ఖాళీ చేతులతో తిరిగి రావాలి. ఫైర్‌ఫిష్ మీద ఎంత మనసున్నా, కొట్లలో దొరికేవి దాదాపుగా సముద్రంలో పట్టినవే కాబట్టి ప్రస్తుతానికి వదులుకోవాలనే నేనంటాను. మాండరిన్ చేప సంగతి ఇంకా తేలిక. రాళ్ల మీద పాకే కంటికానని జీవులనే ఏరుకు తినే ఆ చేప చిన్న తొట్టిలో మెల్లగా ఆకలితో చస్తుంది. అది ఇంట్లో ఉండవలసిన చేప కాదు.

బంధించడమే తప్పు అనేవాళ్లకు నేను పూర్తిగా ఒప్పించే జవాబు ఇవ్వలేను. బందీ బందీయే. కానీ బందీలన్నీ ఒకటి కావు. రోజంతా దిబ్బ పొడవునా తిరిగే సర్జన్ ఫిష్‌ను మూడడుగుల తొట్టిలో పెట్టడం క్రూరత్వం. హేచరీలో పుట్టి, జీవితమంతా ఒక కన్నం చుట్టూ బారెడు మేర తిరిగే చేపకు ఆ కన్నాన్ని, దాని ముందు నెమ్మదైన ప్రవాహాన్ని, శుభ్రమైన నీటిని ఇస్తే, దాని స్వభావం అడిగినదాంట్లో చాలావరకు ఇచ్చినట్టే. ఇక్కడ దొరికే పరిగెలను, ఇసుకదొందులను పెంచుకోవచ్చు కదా అంటే, చాలా ఇళ్లకు అదే సరైన సలహా. నీళ్లు తక్కువ, ఖర్చు తక్కువ, ఉప్పు బెడద లేదు. పది ఇళ్లలో పది ఉప్పునీటి తొట్ల కంటే ఒక బడిలో ఒకటి ఉండటం మేలు. సముద్రం చూడని పిల్లలు వందలమంది దాని ముందు నిలబడగలరు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం లాంటి చోట ఒకటి నడిపి, ఈ ఎండలో, ఈ నీళ్లతో వచ్చిన అంకెలను తెలుగులో అచ్చు వేస్తే జిల్లా మొత్తానికి దారి దొరుకుతుంది.

చివరిగా డబ్బు పెట్టినవాళ్ల ఫిర్యాదు: దాగి కూర్చునే చేపను కొని ఏం చూడాలి? అనుభవజ్ఞులైన పెంపకందారులు ఎప్పటినుంచో చెబుతున్నది దీనికి విరుద్ధంగా ఉంటుంది. గుహలు ఎక్కువున్న తొట్టిలోనే చేప ఎక్కువసేపు బయట ఉంటుంది. పారిపోయే దారి మూడు చోట్ల ఉందని తెలిసిన జీవి గుమ్మంలో నిలబడుతుంది. ఒక్క దారీ లేని జీవి మూలకు ఒదిగి రంగు వెలిసిపోతుంది. మొదటి వారం పది రోజులు దీపం మసకగా ఉంచి, అద్దం మీద కొట్టకుండా, రోజూ ఒకే వేళకు మేత వేస్తే సరిపోతుంది.

మొదలుపెట్టేవాళ్లు ఫిబ్రవరిలో తొట్టి నింపాలి, చేప లేకుండా. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది అయ్యాక కూడా కొనొద్దు. మార్చి, ఏప్రిల్, మే నెలలు ఖాళీ తొట్టినే నడపాలి. బ్యాక్టీరియా చావకుండా చిటికెడు మేత వేస్తూ, మధ్యాహ్నం మూడు గంటలకు నీటి వేడి, ఆవిరైన లీటర్లు, ఆర్ఓ వదిలిన నీరు ఎక్కడ వాడారో, కరెంటు ఎంతసేపు పోయిందో ఒక నోటు పుస్తకంలో రాయాలి. మే నెలాఖరుకు నీరు 28 డిగ్రీలు దాటకుండా నిలబడితే, మిద్దె మీది ట్రేలో ఉప్పు క్రమంగా ఎండుతుంటే, ఇంట్లో నీళ్లకు ఎవరూ ఇబ్బంది పడకపోతే, జూన్‌లో వాతావరణం చల్లబడ్డాక హేచరీలో పుట్టిన ఒక జత చేపలకు కబురు పంపవచ్చు. అంకెలు ఒప్పుకోకపోతే ఆ తొట్టిలో ఉప్పు తీసేసి, కడిగి, చెరువు పరిగెలు వేసుకోవచ్చు.